రెండో బ్రేకు

నా కారులో బ్రేకులు రెండు.
ఒకటి నేర్చుకునే పిల్లలకి, ఒకటి నాకు.
స్టీరింగు ఒక్కటే. అది నాది కాదు.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే కొలువు:
పాదం ముళ్ళ మీద, గొంతు వెన్నలో.

సుపీరియర్ సరస్సు ఒడ్డున, మిషిగన్ పైకొసన,
మా వైపు ఏప్రిల్ అంటే పూలు కాదు, బురద.
హైస్కూల్లో వెనకగది, సాయంత్రం ఆరు,
రేడియేటరు మీద ఆరుతున్న చేతితొడుగులు, తడిబూట్ల వాసన,
పద్నాలుగు దాటి పదిహేను అందనివాళ్ళు తొమ్మిదిమంది.
ఎనిమిది మూలల ఎర్రపలక ఏమంటుందని అడిగాను.
ఆగమంటుంది, అన్నారు అందరూ.
ఎంతసేపు?
పెన్నులు కొరుక్కున్నారు.
జోలీన్ లఫర్నియర్ ఒక్కతే, నా వైపు చూడకుండా,
"అవతల ఎవరున్నారో తెలిసేదాకా" అంది.
పుస్తకంలో అలా లేదు.
మార్కులు వెయ్యడానికి గడీ లేదు.

మొదటిరోజు ఆమె అద్దం సర్దుకుంటే
అందులో ముందు తన నుదురే కనిపించింది,
తర్వాత టోర్‌స్టెన్ చిప్స్ ప్యాకెట్టు,
ఆ తర్వాతగానీ రోడ్డు దొరకలేదు.
టోర్‌స్టెన్ వెనకసీట్లో వంతు కోసం కూర్చునేవాడు, నములుతూ.
నమలడం ఆగిందంటే భయపడ్డాడని లెక్క.
నాకు ముల్లు మీటరు కంటే వాడి దవడే నమ్మకం.

ఆరో గంట. చీకటి పడుతున్న వేళ.
రెండుపక్కలా పైన్ చెట్లు, మధ్యలో ఉప్పు తిని తెల్లబడ్డ తారు.
దవడ ఆగింది.
జింక.
నా కాలు దిగేలోపే కారు ఆగిపోయింది.
పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి
నా బ్రేకు నాకంటే ఆలస్యంగా గుర్తొచ్చింది.
జింక మమ్మల్ని చూసి, మేము పనికిరామని తేల్చుకుని,
అటు అడవిలోకి వెళ్ళిపోయింది.
"ఇక పోనివ్వు" అన్నాను, పెద్దరికం నిలబెట్టుకోవాలిగా.
పోనివ్వలేదు.
"ఒక్కటే రాదు" అంది.
ఒకటి, వెనకే ఇంకొకటి,
ఆ వెనక కాళ్ళు ఇంకా కుదురుకోని ఏడాదిపిల్ల.
టోర్‌స్టెన్ మళ్ళీ నమలడం మొదలుపెట్టాక
మేం కదిలాం.

కాగితం మీద సంతకం పెట్టాను.
నేర్పిన గంటలు ఇన్ని, ఉత్తీర్ణత అని.
జింకల సంగతి రాయడానికి అక్కడా గడి లేదు.

నా బండి నంబరుపలక రెన్యువల్‌కి ఆఫీసుకి వెళ్ళిన రోజే
వాళ్ళూ వచ్చారు, తల్లీకూతుళ్ళు.
లోపల జోలీన్ కంటిపరీక్ష యంత్రంలో ముఖం పెట్టి
అక్షరాలు అప్పజెబుతోంది.
తల్లి ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చింది,
చేతులకింకా ఆవిరి ఎరుపు.
గంటల లెక్క రాసే చిట్టాని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడిచి,
"ఇకమీదట పక్కసీట్లో నేనేనట.
మా బ్యూయిక్‌కి ఆ రెండో బ్రేకు పెట్టించాలంటే
ఎంతవుతుంది?" అని అడిగింది.
నవ్వాను. ఆమె నవ్వలేదు.
ఉజ్జాయింపుగా ఒక ధర చెప్పాను.
పెదాలతో లెక్కేసుకుంది, ఎన్ని వారాల దుప్పట్లో.
"వద్దులెండి" అంది.

ప్రింటరు వేడి ఆరని కాగితం పట్టుకుని
జోలీన్ బయటికొచ్చింది, పరిగెత్తకుండా,
పరిగెత్తాలని మాత్రం భుజాల్లో తెలుస్తూ.
తాళంచెవి చేతులు మారింది.
తల్లి తప్పుతలుపు దగ్గరికి వెళ్ళి, గుర్తొచ్చి,
కారు చుట్టూ తిరిగి వచ్చి కూర్చుంది.

బ్యూయిక్ వెనక్కొచ్చి, తిరిగి, గేటు దగ్గర
ఎర్రపలక ముందు ఆగింది.
కుడివైపు ఖాళీ. ఎడమవైపు, నిన్నటి దాకా కురిసి
మురికిపట్టిన మంచుగుట్ట.
ఒకటి, రెండు, మూడు.
వెనక పికప్‌వాడు హారన్ కొట్టాడు.
నాలుగు.
మళ్ళీ కొట్టాడు.
బండి అంగుళం ముందుకి జరిగి, గుట్ట అవతలికి తొంగిచూసి,
మళ్ళీ ఆగింది.
ఎవరూ రాలేదు.
అప్పుడు వెళ్ళింది.

నేను పార్కింగులో నిలబడే ఉన్నాను.
కిందికి చూసుకుంటే, కుడిబూటు
నేలని గట్టిగా నొక్కిపట్టి ఉంది.